బాటకు కావలి

మృగశిర కార్తె ప్రవేశించిన కొలది దినములకు పాలమూరు మెట్టనేలపై మొదటి గట్టివాన పడును. ఏడాదిలో అధికభాగము ఇసుకచారగా కనిపించు ఒర్రె ఒక్క గడియలో బురదనీటితో పొంగును. దానికి అడ్డముగా నున్న సడక్ మీద మోకాలిలోతు నీరు పారును. ఈవలి యొడ్డున బడికి బయలుదేరిన పిల్లలు పుస్తకాల సంచులను నెత్తిన పెట్టుకొని నిలిచియుందురు. ఆవలి యొడ్డున ఉపాధ్యాయుడు మోటారు సైకిలును ఆపి నీటివాలును చూచుచుండును. మధ్యాహ్నమునకు నీరు తీయును. ఆనాటి హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తులు మాత్రము మిగులును.

సడక్ అంచున మరియొక గుర్తు మిగులును. మోరి ప్రక్కనున్న మట్టి జానెడు మేర కొట్టుకొనిపోయి, తారు క్రింద చిన్న బోలు ఏర్పడును. పైనుండి చూచువానికి సడక్ చెక్కుచెదరనట్లే యుండును. మరి నాలుగు వానలకు ఆ బోలు పెద్దదై, బరువు బండి చక్రము క్రింద తారు విరిగి గుంత యగును. మొదటి దినమున ఆ గుర్తును చూచువాడెవడు? చూచిన పిదప ఎన్ని దినములకు పూడ్చును? ఒక ప్రాంతపు రహదారుల మంచిచెడ్డలన్నియు ఈ రెండు ప్రశ్నలను ఆశ్రయించియున్నవి.

రెండు జిల్లాలు, ఒక నేల

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు దక్షిణ తెలంగాణమునకు రెండు భుజముల వంటివి. 2016 అక్టోబరులో జరిగిన పునర్విభజనతో ఈ సీమ ముఖ్యముగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలుగా నేర్పడినది. 2019లో నారాయణపేట వేరు జిల్లా అయినది. కాని వానకు, రాతికి, మట్టికి ఈ సరిహద్దులు తెలియవు. పాత లెక్కలో మహబూబ్‌నగర్ విస్తీర్ణము 18,432 చదరపు కిలోమీటర్లు. నల్లగొండ విస్తీర్ణము సుమారు 14,240. 2011 జనాభా లెక్కలలో పాత మహబూబ్‌నగర్ జిల్లాయందు చదరపు కిలోమీటరుకు ఇంచుమించు 220 మంది మాత్రమే నివసించుచుండిరి.

ఈ అంకెలలో ఒక కథ యున్నది. డెల్టా సీమలో ఊరికి ఊరు కూతవేటు దూరము. ఇక్కడ ఊరికిని ఊరికిని నడుమ గుట్టలు, చెలకలు, వానకై నోరు తెరచిన చెరువులు. నడువవలసిన బాట ఎక్కువ. దానిని పంచుకొను బండ్లు తక్కువ. ఎంత రాకపోకయున్న అంత ఖర్చు అను లెక్కతో నిధులు పంచినచో ఇట్టి బాటలు ఎల్లప్పుడు వరుసలో చివరనే నిలుచును. కాని పురిటినొప్పుల తల్లికిని, పదవ తరగతి పరీక్షకు పోవు పిల్లవానికిని ఆ పలుచని బాట ఒక్కటే దారి.

ఈ నేల రహదారికి ఒక వరమిచ్చినది, ఒక చిక్కు పెట్టినది. ఎటు చూచినను గ్రానైటు గుట్టలే గనుక గట్టి కంకరకు కొదువ లేదు. ఎర్రని చెలకనేలయు, మొరమును బాటకు మంచి పునాదులు. అలంపురము, గద్వాల ప్రాంతముల నల్లరేగడి తీరు వేరు. వానకు అది ఉబ్బును. ఎండకు కుంగి నెర్రెలిచ్చును. దానిమీద పరచిన సడక్ పడవ వలె లేచి కూలుచుండును. చెలకనేలపై పదేండ్లు నిలుచు బాట రేగడిపై రెండేండ్లకే అలలు తేలవచ్చును. ఒకే కొలతతో, ఒకే అంచనాతో రెండు నేలలపై బాట వేయుట అనుభవము గల ఇంజనీరు చేయు పని కాదు.

పెరికల బాట నుండి డాంబరు సడక్ వరకు

ఈ సీమకు బాటలు కొత్తవి కావు. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి కొండపై బయల్పడిన బౌద్ధవిహారములు, తూర్పు తీరమునకును దక్కను పీఠభూమికిని నడుమ నాటి మనుష్యుల రాకపోకలకు సాక్షులు. 17వ శతాబ్దమున గోలకొండకును మచిలీపట్టణము రేవునకును నడుమ వర్తకులు నడచిన దారి ఈ నల్లగొండ సీమ దిక్కుగానే సాగెను. ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆ ప్రయాణమును వర్ణించెను. ఎద్దులపై పెరికలు వేసి ఉప్పును, ధాన్యమును దేశమంతట తిప్పిన బంజారా బిడారులను గూర్చియు అతడు వ్రాసెను. ఆ బంజారాల సంతతివారు దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల తండాలలో స్థిరపడిరి. దేశమునకు సరకు మోసినవారి తండాలలో అనేకము ఇటీవలివరకు సడక్ లేకయే యుండినవి.

నిజాము పాలనలో ప్రజాపనుల శాఖకు తామీరాత్ అని పేరు. 1932 జూనులో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా విభాగమును 27 బస్సులతో ప్రారంభించిరి. బస్సుతోపాటు బాటకు ఒక కొత్త కష్టము వచ్చినది. అంతవరకు బాటను నలిపినది ఎడ్లబండి ఇనుపకమ్మి. అది కంకర రాతిని నూరి పిండి చేసెడిది. కాని మెల్లగా నడిచెడిది. మోటారు చక్రము రబ్బరుతో చేసినది గనుక రాతిని నూరదు; వేగముతో నడుచుటచే రాళ్ల సందులలోని సన్నమట్టిని పీల్చి ధూళిగా లేపును. సందుమట్టి పోయిన కంకర పట్టు విడుచును. అందుచేతనే కంకర బాటలపై తారు పూయుట అవసరమయ్యెను. తెలంగాణపు పల్లెలలో పెద్దలు నేటికిని దానిని డాంబరు సడక్ అనియే పిలుతురు.

ఈ బాట ఎవరిది?

బడిపిల్లలు బస్సు కిటికీ నుండి చూచు మైలురాళ్లలో ఒక పాఠమున్నది. రాతి తల పసుపుపచ్చగా నున్నచో అది జాతీయ రహదారి; ఆకుపచ్చయైనచో రాష్ట్ర రహదారి; నలుపు లేదా నీలమైనచో జిల్లా రహదారి; నారింజ వన్నెయైనచో పల్లెబాట. ఈ రంగు కేవలము అలంకారము కాదు. గుంత పడినప్పుడు ఎవరి తలుపు తట్టవలెనో అది చెప్పును. జాతీయ రహదారులు కేంద్రప్రభుత్వపు బాధ్యత. రాష్ట్ర రహదారులు, ప్రధానమైన జిల్లా రహదారులు రాష్ట్రపు రోడ్లు భవనముల శాఖవి. పల్లెబాటలలో పెక్కు పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవి. ఒకే ప్రయాణములో, తండా నుండి హైదరాబాదుకు పోవులోపల, ఒక రైతు ముగ్గురు యజమానుల బాటలపై నడుచును. వానికి అది యొకటే బాట.

ఈ వర్గీకరణమునకు మూలము 1943 డిసెంబరులో నాగపూరున జరిగిన ముఖ్య ఇంజనీర్ల సమావేశము. వ్యవసాయము వృద్ధి పొందిన ప్రాంతమున ఏ గ్రామమును ప్రధాన రహదారికి అయిదు మైళ్లకు మించిన దూరమున నుండరాదని వారు ఆశించిరి. వ్యవసాయము వృద్ధి పొందిన అను ఆ మాటలోనే మెట్టసీమల వంతుకు రానున్న ఆలస్యము కొంత ఇమిడియున్నది. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన ఆరంభమైన పిదప మైదానములలో 500 జనాభా గల ఆవాసములకు, గిరిజన ప్రాంతములలో 250 జనాభా గల వానికి పక్కాబాట వేయుట దేశపు లక్ష్యమయ్యెను. ఆ పథకమున ఒక మంచి నియమము కలదు: బాట వేసిన గుత్తేదారే అయిదేండ్లు దానిని బాగుగా నుంచవలెను.

సంఖ్యలకును అర్థము కలదు. 2010లో జాతీయ రహదారులకు కొత్త సంఖ్యలు వచ్చినవి. ఉత్తర దక్షిణములుగా పోవు ప్రధాన మార్గములకు సరిసంఖ్యలు, తూర్పు పడమరలుగా పోవువానికి బేసిసంఖ్యలు. శ్రీనగరము నుండి కన్యాకుమారికి పోవు 44వ రహదారి బాలానగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా సాగి బీచుపల్లి వద్ద కృష్ణను దాటును. పూర్వము ఇది 7వ సంఖ్య. పూణే నుండి మచిలీపట్టణమునకు పోవు 65వ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, కోదాడలను తాకును. పూర్వము ఇది 9వ సంఖ్య. మూడంకెలున్నచో అది శాఖామార్గమని గుర్తు. చివరి రెండంకెలు తల్లిమార్గపు సంఖ్య. నకిరేకల్ నుండి నల్లగొండ మీదుగా నాగార్జునసాగరమునకు పోవు 565, హైదరాబాదు నుండి శ్రీశైలము దిక్కుగా పోవు 765 ఈ 65కే బిడ్డలు. జడ్చర్ల, కల్వకుర్తి, మిర్యాలగూడ, కోదాడలను కలుపు 167 రెండు జిల్లాలను ఒక త్రాటిపై గ్రుచ్చినట్లు పోవును.

నీరు పగవాడు, బరువు తోడుదొంగ

బాటను చెరచునది ఎండయా, వానయా, బండియా అని యడిగినచో అనుభవజ్ఞులు మొదట నీటి పేరే చెప్పుదురు. స్కాట్లండు దేశస్థుడు జాన్ లౌడన్ మెకాడమ్ (1756–1836) కనుగొన్న సూత్రము చాల చిన్నది. బరువును మోయునది పైనున్న రాయి కాదు, క్రిందనున్న పొడి నేల. ఆ నేలను పొడిగా నుంచుటకే పైనున్న రాతిపొర. నేల తడిసెనా, పైన ఎంత రాయి పోసినను అది కుంగును. సడక్ నడుమ ఉబ్బెత్తుగా, అంచులకు వాలుగా నుండుటకు కారణమిదియే. వానచుక్క నడుమ నిలువక అంచునకు, అంచు నుండి ప్రక్కకాలువకు, కాలువ నుండి మోరికి, మోరి నుండి ఒర్రెకు పోవలెను. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినను నీరు వెనుదిరిగి బాట కడుపులో చొచ్చును.

ఆ లంకెలు తెగు విధములు ఊరూర కనిపించును. ప్రక్కకాలువను పూడ్చి దుకాణము మెట్లు కట్టుదురు. పొలములోనికి ట్రాక్టరు పోవుటకు కాలువలో మట్టి పోసి దారి చేసికొందురు. క్రింద తూము వేయరు. మోరి నోటిలో ముళ్లకంపయు, ప్లాస్టికు సంచులును చేరును. అంచున గడ్డి పెరిగి మట్టి మేటవేసి సడక్ కంటె ఎత్తగును. ఏ పెద్ద యంత్రమును అక్కరలేని పనులివి. ఒక పార, ఒక గంప, ఇద్దరు మనుష్యులు, తొలకరికి ముందు కొన్ని దినములు చాలును. పూర్వము కొన్ని మైళ్లకొక గ్యాంగు చొప్పున కూలీలు ఆ సాగును కనిపెట్టుకొని యుండెడివారు. ఏ మోరి ఎప్పుడు మూసికొనునో, ఏ మలుపున నీరు నిలుచునో వారికి కంఠస్థము. కాలక్రమమున ఆ కూలీలు పదవీవిరమణ చేయగా వారి స్థానములు పెక్కు నిండలేదు. పని గుత్తలకు పోయినది. గుత్తకాగితము చేసిన పనిని కొలువగలదు. మూసికొనబోవు మోరిని ముందుగా పసిగట్టలేదు.

నీటికి తోడుదొంగ బరువు. 1958 నుండి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున బాటలు ప్రత్యేకముగా వేసి, వానిపై లారీలను నెలల తరబడి నడిపి ఒక మహాపరీక్ష చేసిరి. ఇరుసుపై బరువు రెట్టింపైనచో బాటకు కలుగు హాని రెట్టింపు కాదు, ఇంచుమించు పదునారు రెట్లని తేలినది. హాని బరువు యొక్క నాలుగవ ఘాతముతో పెరుగుననుట గణితపు తరగతిలో లెక్కగా వేయదగినది. 2018లో మన దేశమున నాలుగు చక్రముల ఒంటి ఇరుసుపై అనుమతించు బరువును 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచిరి. బరువు పెరిగినది ఎనిమిదవ వంతు; ఆ సూత్రము ప్రకారము హాని పెరుగునది ఒకటికి ఒకటిన్నర రెట్లకు పైగా. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల ధాన్యపు లారీలు, హుజూర్‌నగర్, మఠంపల్లి, వాడపల్లి దిక్కుల సిమెంటు లారీలు, వాగుల ఇసుక లారీలు నల్లగొండ సడక్‌లకు ఎంత బ్రతుకునిచ్చినవో అంత భారమునిచ్చినవి. అనుమతికి మించి నింపిన ఒక్క లారీ, కార్లు వేలకు వేలు పోయినను చేయని పనిని ఒక్క రాత్రిలో చేసిపోవును.

పంపకపు ధర్మసంకటము

బాటలు వేలకొలది కిలోమీటర్లు, డబ్బు పరిమితము. దేనికి ముందు? రహదారుల శాఖ చేయవలసిన అసలైన ఆలోచన ఇదియే. మొదట తన ఆస్తి తనకు తెలియవలెను. ఏ బాట ఎంత పొడవు, ఎప్పుడు తారు వేసిరి, ఎన్ని మోరీలు, ఎన్ని వంతెనలు అను పట్టిక యుండవలెను. పిమ్మట బాట ఆరోగ్యము కొలువవలెను. చక్రము ఎగిరిపడు తీరును బట్టి గరుకుదనమును కొలుచు యంత్రములున్నవి. బరువు పెట్టినప్పుడు సడక్ ఎంత కుంగి లేచునో చూచుటకు బెంకెల్‌మన్ దూలమను పరికరము కలదు. రోగి నాడి చూచినట్టిదే ఈ పని. పైకి నున్నగా నున్న బాట లోపల బలహీనమై యుండవచ్చును. పగుళ్లున్న బాట పునాది గట్టిగా నుండవచ్చును.

అనంతరము చికిత్స. ఏడాది పొడుగున గుంతలు పూడ్చుట, కాలువలు తీయుట నిత్యకృత్యము. అయిదారేండ్లకొకసారి పైపొర కొత్తగా వేయుట నైమిత్తికము. బలము చాలనప్పుడు మందము పెంచుట, చాల చెడినప్పుడు త్రవ్వి మరల కట్టుట శస్త్రచికిత్స. వీనిలో మొదటిది అన్నిటికంటె చౌక. ఎవరికిని కనిపించనిదియు అదియే. దక్షిణాఫ్రికా జాతీయ రహదారి సంస్థవారు ఒక లెక్క కట్టిరి. సకాలమున చేయవలసిన మరమ్మతును మూడేండ్లు మానినచో ఖర్చు ఆరు రెట్లగును. అయిదేండ్లు మానినచో పదునెనిమిది రెట్లగును. మన పెద్దలు గోటితో పోవుదానికి గొడ్డలి యేల యనిరి. అంకెలు వేరు, మాట యొకటే.

ఇది తెలిసియు మరమ్మతు వెనుకబడుటకు కారణములు లేకపోలేదు. కొత్త బాటకు శంకుస్థాపన యుండును, శిలాఫలకముండును, పూలదండలుండును. తీసిన మోరికి శిలాఫలకము వేయువారు లేరు. రెండవ కారణము మరింత కఠినమైనది. బాట చెడిన ఊరివారు మొరపెట్టుదురు. చెడబోవుచున్న ఊరివారికి ఆ సంగతియే తెలియదు. అందుచే డబ్బు పూర్తిగా చెడిన చోటికి పోవును. ఇంకను రక్షింపదగిన బాట ఆలోపల చెడును. మరుసటి ఏడు మొర పెట్టువారు వారే. ఈ చక్రమును త్రెంచవలెనన్న అధికారి కొన్నిసార్లు గోతులబాటను ఒక ఏడు అట్లే యుంచి, బాగున్న బాటకు పైపొర వేయవలసియుండును. ఆ గోతులబాట చివరనున్నది ఏ తండాయో అయినచో? లెక్క సరియైనదే, న్యాయమా యను ప్రశ్న మిగిలియే యుండును. ఏ యంత్రమును దీనికి ఉత్తరము చెప్పలేదు. ఇది ప్రజలును, వారి ప్రతినిధులును ఎదుటనే కూర్చుండి తేల్చుకొనవలసిన సంగతి.

ఈ చిక్కును విప్పుటకు పలు విధములు ప్రయత్నించిరి. 1929లోనే పెట్రోలుపై పన్ను నుండి కేంద్ర రహదారి నిధి ఏర్పడినది; 2000లో చట్టముతో దానిని పునరుద్ధరించిరి. 2009లో ప్రపంచ బ్యాంకు ఋణముతో చేపట్టిన ఆంధ్రప్రదేశ్ రహదారి రంగ ప్రాజెక్టులో ఒక కొత్త తరహా గుత్త కనిపించినది. పోసిన కంకరకు కాక, ఏండ్ల తరబడి బాటను బాగుగా నుంచినందుకు గుత్తేదారునకు సొమ్ము చెల్లించుట దాని సారము. అట్టి గుత్తలో మోరి మూసికొనకుండ చూచుట గుత్తేదారునకే లాభము. హైదరాబాదు, విజయవాడల నడుమ 65వ రహదారిని ప్రయివేటు సంస్థ సొమ్ముతో నాలుగు వరుసలుగా వెడల్పు చేసి, 2012 నుండి సుంకము వసూలు చేయించిరి. 2024లో ఆ సంస్థ వైదొలగగా వసూలు బాధ్యతను జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ చేపట్టినది. సంక్రాంతికి పంతంగి సుంకపు ద్వారము వద్ద బారులు తీరు కార్లను చూచినవారికి, బాట ఖర్చును ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చెల్లింపవలసినదే యను సంగతి వేరుగా బోధింపనక్కరలేదు.

వెడల్పు చేయుటలోని వెలితి

బాటను కాచుట ఒక యెత్తు, మెరుగుపరచుట ఒక యెత్తు. నార్కెట్‌పల్లి నుండి నల్లగొండ, మిర్యాలగూడల మీదుగా అద్దంకికి పోవు రాష్ట్ర రహదారిని నాలుగు వరుసలు చేసిరి. సూర్యాపేట నుండి ఖమ్మమునకు నాలుగు వరుసల మార్గము వచ్చినది. ప్రయాణపు గడియలు తగ్గినవి. బాలానగర్ పేరు మోసిన సీతాఫలము తెల్లవారునప్పటికి నగరపు బజారు చేరుచున్నది. కాని వెడల్పైన బాట ఊరిని రెండు చెక్కలు చేయును. ఇల్లొకవైపు, చేనొకవైపు, బడి ఒకవైపు, వాడ యొకవైపు. దిగువ దారి లేనిచోట, లేదా అది మైలు దూరమున నున్నచోట, మనుష్యులు నడుమనున్న డివైడరును ఎక్కి దాటుదురు. ఆ దాటుటలో పోవు ప్రాణములకు వేగమే కారణమనుట సగము నిజము. బాటను గీచునప్పుడు నడచువానిని మరచుట మిగిలిన సగము.

వరద కూడ పరీక్షాధికారి వంటిది. 2009 అక్టోబరు తొలివారమున కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు, అలంపురము ప్రాంతములను ముంచినప్పుడు హైదరాబాదు, కర్నూలుల నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. 2024 సెప్టెంబరు 1న కోదాడ ప్రాంతమున కుండపోతగా వాన కురిసెను. నడిగూడెం మండలమున సాగర్ ఎడమకాలువకు గండి పడెను. 65వ రహదారిపై రాకపోకలు ఆగిపోయెను. అట్టి దినములలో బాట ఒక్కటే చెడదు. చెరువు కట్ట, కాలువ గట్టు, సడక్ మూడును ఒకే నీటి దారిలోని మూడు మలుపులు. ఎగువ మత్తడి దూకు నీటికి చాలు మోరి దిగువ సడక్ క్రింద లేనిచో సడక్ తానే ఆనకట్ట యగును. ఆనకట్ట కాజాలనిది గనుక తెగును. నీటిపారుదల శాఖయు, రహదారుల శాఖయు ఒకరి పటమును ఒకరు చూచుకొనవలసిన అవసరము ఈ చెరువుల సీమలో ఉన్నంతగా మరెచ్చటను లేదు.

ఇంకను బాట లేని చోట్లు కలవు. కొల్లాపురము వద్ద కృష్ణ ఆవలి యొడ్డు కంటికి కనిపించును; సడక్ దారిన పోవలెనన్న పెద్ద చుట్టు తిరుగవలెను. 2007 జనవరిలో ఆ ప్రాంతమున పుట్టెడు జనముతో వచ్చుచున్న పడవ మునిగి పదులకొలది ప్రాణములు నీటిపాలయ్యెను. సోమశిల వద్ద కృష్ణపై తీగల వంతెనకు 2022లో కేంద్రము అనుమతి నిచ్చినది. ఆ వంతెనకై వారి ఎదురుచూపు ఎంత బరువైనదో ఆ రేవు గ్రామములకు తెలియును. ఇంకొకచోట బాటను తగ్గించుటయే మంచితనము. మన్ననూరు దాటి నల్లమల అడవిలో సాగు శ్రీశైలము బాటపై రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు బండ్లను ఆపుదురు. ఆ గడియలు పులివి. బాట మనుష్యుని సొత్తు మాత్రమే కాదని ఒప్పుకొన్న నియమమది.

అందరి వంతు

యాసంగి కోతల నాళ్లలో నల్లగొండ సీమ సడక్‌లపై బంగారువన్నె వడ్లు ఆరుచుండును. చుట్టు రాళ్లు పేర్చుదురు. రాత్రివేళ ఆ రాయిని తగిలి మోటారు సైకిలువాడు పడును. రైతును నిందించుట తేలిక. కల్లము లేని రైతు వడ్లను ఎచ్చట ఆరబోయును? ఊరికొక కల్లము కట్టించుట రహదారి భద్రతకు చేయు పనియే. ట్రాక్టరు ఇనుప కేజీవీల్సు సంగతి వేరు. మడి దున్నిన ఇనుపచక్రములను విప్పక తారుపై నడిపినచో, లక్షలు పోసి వేసిన పైపొర మీద నాగలిచాళ్ల వంటి గాట్లు పడును. ఆ గాట్లలో నీరు నిలుచును. పిమ్మటి కథ చదువరులెరిగినదే. కౌటిల్యుని అర్థశాస్త్రము బాటల వెడల్పులను నిర్ణయించి, బాటను చెరచినవారికి దండనము విధించినది. రోమను చక్రవర్తి అగస్టస్ రహదారుల సంరక్షణమునకే ప్రత్యేకాధికారులను నియమించెను. దండనమును, అధికారియు నేడును కలరు. మూడవది కావలెను: బాట తనదను ఊరివారి తలపు.

ఆ తలపు ఈ సీమకు కొత్తగా నేర్పవలసినది కాదు. నల్లగొండ చెంత పానుగల్లున కందూరు చోళుల నాటి ఉదయసముద్రము శతాబ్దములు దాటి నిలిచియున్నది. ఒక్కనాడు బాగుగా కట్టినంత మాత్రమున చెరువు ఇన్నేండ్లు బ్రతుకదు. తెలంగాణపు పల్లెలలో చెరువుకు నీరటికాడుండెడివాడు. వానరాత్రి గొంగడి కప్పుకొని కట్టపై తిరిగి, ఎలుక బొరియ కనిపించినచో అప్పుడే మట్టితో మూసెడివాడు. ఊరు వానికి పంటలో పాలు ఇచ్చెడిది. ఆ పాలు జాలితో ఇచ్చినది కాదు; గండి పడని కట్టకు వెల. సడక్‌కు అట్టి నీరటికాడు కావలెను. వానికి గ్యాంగు కూలీయని పేరు పెట్టినను, గుత్తేదారుని మనిషి యన్నను, మేస్త్రీ యన్నను ఒకటే. వాన పడిన మరునాడు నడచి చూచు కన్నులును, చూచినదానిని ఆ వారములోనే బాగుచేయు అధికారమును వానికి కావలెను.

పాలమూరు కూలీ పేరు దేశమంతట తెలిసినదే. తట్ట, పార పట్టుకొని పిల్లాపాపలతో వలసపోయి, మేస్త్రీ చూపిన చోటనెల్ల గుడిసె వేసికొని, ఎందరి ఆనకట్టలకో, కాలువలకో, రహదారులకో వారు మట్టి మోసిరి. మట్టిని ఏ పొరకు ఎంత తడిపి ఎట్లు దిమ్మిస కొట్టవలెనో వారి చేతులకు తెలిసినంత కొన్ని పుస్తకములకు తెలియదు. పరుల బాటలు వేసిన ఆ చేతులకు సొంత ఊరి బాటను ఏడాది పొడుగున కాచు పని దొరకినచో, ఒక బాటయు నిలుచును, ఒక వలసయు ఆగును. ఈ మెట్టసీమలో రహదారి రక్షణమునకు ఇంతకంటె సహజమైన మార్గము కనిపించదు.

వచ్చు తొలకరికి ఆ ఒర్రె మరల పొంగును. పిల్లలు మరల యొడ్డున నిలుతురు. నీరు తీసిన పిమ్మట ఎవడో ఒకడు పార భుజమున వేసికొని వచ్చి, మోరి ప్రక్కన కూర్చుండి, తారు క్రింద చేయి పెట్టి చూచినచో, ఆ బాటకు కావలి యున్నట్లే. ఆ సాయంకాలము బడి నుండి తిరిగివచ్చు పిల్లలు వానిని గమనింపకయే నడచిపోవుదురు. చక్కగా కాచిన బాటకు గుర్తు అదియే.